‘అయ్యో పాపం’ దగ్గరే ఆగిపోకుండా పిల్లలతో ఆత్మకథలు చదివించడం ఎలా?

నమస్తే మేడమ్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నారు. ఎదుటివాళ్ల కష్టం పిల్లలకు తెలియాలని అంబేద్కర్ చిన్ననాటి అనుభవాలు చదివి వినిపించారు. వెనక బెంచీల్లో కొందరు నవ్వారు. మిగతావాళ్లు రాసిచ్చిన కాగితాల్లో దాదాపు అందరిదీ ఒకటే మాట: ‘అయ్యో పాపం, మనం అందరినీ సమానంగా చూడాలి.’ ఆత్మకథల వల్ల నిజంగా ఏమైనా మారుతుందా, మారితే ఎలా చదివించాలి, ఏవి చదివించాలి, సిలబస్ మధ్యలో టైమ్ ఎక్కణ్ణుంచి తేవాలి అని అడిగారు.

నేను ఉమ్మడి గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ బడుల్లో 27 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. దగ్గర్లోని ఒక బడిలో వారానికి రెండు పీరియడ్లు పిల్లలతో పుస్తకాలు చదువుతున్నాను. మీకు ఎదురైనవి రెండూ నాకూ ఎదురయ్యాయి, ఆ నవ్వూ, ఆ కాగితాలూ. వాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది కాగితాలే. నవ్విన పిల్లవాడికి కనీసం ఏదో ఇబ్బందిగా అనిపించింది. ఆ వయసులో మగపిల్లలకు ఏం చెయ్యాలో తోచకపోతే నవ్వే వస్తుంది. ‘అయ్యో పాపం’ అని రాసిన పిల్లవాడు మాత్రం ఆ కథను పరీక్ష పేపర్ని మడిచినట్టు మడిచి మీ చేతిలో పెట్టేశాడు.

అలా రాయడం మనమే నేర్పాం. ఒకటో తరగతి నుంచి ప్రతి పాఠం చివరా ‘దీని ద్వారా మీరేం తెలుసుకున్నారు?’ అని అడిగి, నీతి రాస్తే మార్కులు వేశాం. అందుకే నా మొదటి సలహా ఇది. ఆత్మకథ చదివిన రోజున ఆ ప్రశ్న అడగవద్దు. ‘మీకేమనిపించింది?’ అని కూడా వెంటనే అడగవద్దు. జాలి చాలా త్వరగా వచ్చేస్తుంది. వచ్చాక ఇక చూడాల్సిందేమీ లేదనిపిస్తుంది. పిల్లవాడు కథలో ఇంకాసేపు ఉండేలా చెయ్యాలి. దానికి భావాల గురించి కాకుండా జరిగిన సంగతుల గురించి అడగాలి. అక్కడ ఎవరెవరున్నారు? ఎవరు ఏం చేశారు? ఎవరు ఏం చెయ్యకుండా ఊరుకున్నారు?

మీరు చదివింది అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లోని భాగమే అయివుంటుంది. నేనూ ఎక్కువసార్లు చెప్పింది అదే కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను. ఆయన దాన్ని 1935-36 ప్రాంతంలో రాసుకున్నారు. పుస్తకంగా వచ్చింది మాత్రం 1990లో. చాలా చిన్న పుస్తకం. తొమ్మిదో తరగతికి అందులో మొదటి ప్రయాణం ఒక్కటి చాలు.

నేను ఆయన పేరు ముందు చెప్పను. ‘1901. తొమ్మిదేళ్ల పిల్లవాడు, వాళ్ల అన్న, అక్క కొడుకులు ఇద్దరు. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న నాన్న దగ్గరికి మొదటిసారి రైల్లో బయల్దేరారు’ అని మొదలుపెడతాను. కొత్త చొక్కాలు, పట్టు అంచు పంచెలు, టోపీలు. స్టేషన్లో దిగారు. వాళ్లు రాసిన ఉత్తరం నాన్నకు అందలేదు, అందుకని ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టరు దగ్గరికొచ్చి ఎవరు బాబూ మీరు అని అడిగాడు. మంచి బట్టలు చూసి పెద్దింటి పిల్లలనుకున్నాడు. ఈ పిల్లవాడు ఆలోచించకుండా తమ కులం పేరు చెప్పేశాడు. స్టేషన్ మాస్టరు ముఖం మారిపోయింది. వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్లిపోయి పదిహేను ఇరవై నిమిషాలు బయటికి రాలేదు.

ఇక్కడ పుస్తకం మూసేస్తాను. ‘ఆ పదిహేను నిమిషాలు ఆ గదిలో ఆయన ఏం చేస్తూ ఉంటాడు?’ ఒకే ఒక్క ప్రశ్న. ఐదు నిమిషాలు నోట్సులో రాయమంటాను.

మేడమ్, పీరియడ్ మొత్తానికి ఇది ఆయువుపట్టు. పిల్లవాడి బాధ గురించి అడిగితే అందరూ ఒకేలా రాస్తారు. స్టేషన్ మాస్టరు గురించి అడిగితే ఎవరిది వాళ్లే రాస్తారు. ‘చేతులు కడుక్కుని ఉంటాడు.’ ‘పంపించేస్తే పాపం, ఉంచితే గొడవ, ఏం చెయ్యాలా అని కూర్చుని ఉంటాడు.’ ‘వాళ్ల ఆవిడ ఏమంటుందో అనుకుని ఉంటాడు.’ ఒక అమ్మాయి రాసింది: ‘కిటికీలోంచి వాళ్లు వెళ్లిపోయారా లేదా అని చూస్తూ ఉంటాడు.’ ఆ వాక్యం చదివినప్పుడు ఆ అమ్మాయి ఎక్కడో అలా చూసిందనో, అలా చూడటం ఎవరిలోనో గమనించిందనో నాకు అర్థమైంది. నేనేమీ అడగలేదు.

తర్వాత ఆయన బయటికొచ్చి బండి మాట్లాడిపెట్టబోయాడని చదువుతాను. రెట్టింపు బాడుగ ఇస్తామన్నా ఒక్క బండివాడూ ఒప్పుకోడు. చివరికి పిల్లలే బండి తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు అనే ఒప్పందం కుదిరింది. దారిలో వాళ్ల దగ్గర అత్త కట్టిచ్చిన తిండి ఉంది, తాగడానికి మంచినీళ్లు లేవు. అన్నం దగ్గర పెట్టుకుని ఆకలితో ఉన్నారు. కొన్ని మైళ్లు పోయాక, అంతదాకా మైల అని దూరంగా నడిచిన బండివాడు ఉన్నట్టుండి బండెక్కి పగ్గాలు తీసుకున్నాడు. అతను ఎందుకు ఎక్కాడో పిల్లలు అడగలేకపోయారని రచయితే చెబుతారు. ఆ ప్రశ్న మన పిల్లలకు వదిలెయ్యాలి.

‘కాళ్లు నొప్పులు పుట్టి ఉంటాయి టీచర్’ అంటారు. ‘చీకట్లో పిల్లలు బండిని గోతిలో పడేస్తారని భయం’ అంటారు. ఒకసారి ఒక అబ్బాయి, నవ్వే బ్యాచిలోవాడే, ‘రాత్రయిందిగా టీచర్, ఎవరూ చూడరుగా’ అన్నాడు. క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ముందు బెంచీలో అమ్మాయి వెనక్కి తిరిగి ‘అయితే ఎవరన్నా చూస్తేనేనా మైల?’ అని అడిగింది. అది నేను చెప్పించిన మాట కాదు. పది ఉపన్యాసాలిచ్చినా నేను చెప్పించగలిగే మాటా కాదు.

తర్వాత అర్ధరాత్రి దాటే వేళకు సుంకం వసూలు చేసే పాక దగ్గరికి చేరారు. మన కాజ టోల్‌గేట్ దగ్గర ఆగినట్టు అనుకోండి అంటే పిల్లలకు కళ్లకు కడుతుంది. ముస్లింలమని చెప్పి నీళ్లడిగారు, అక్కడా దొరకలేదు. రాత్రి అలాగే పడుకుని మర్నాడు ఊరు చేరారు. నేను సాధారణంగా అక్కడితో ఆపి, అప్పుడు పేరు చెబుతాను.

విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం మన పిల్లలందరూ చూశారు. 125 అడుగుల విగ్రహం, దాని కింద 81 అడుగుల పీఠం. బడి బస్సుల్లో వచ్చి ఫోటోలు దిగారు. అంత ఎత్తు మనిషికి దాహం వేస్తుందని పిల్లలకు ఎలా తోస్తుంది? పేరు చివర్లో చెబితే, ఈసారి ఆ రోడ్డు మీద వెళ్లేటప్పుడు తలెత్తి చూసినా వాళ్లకు ఆ బండిలో పిల్లవాడే గుర్తొస్తాడు. ప్రకాశం గారిదీ అంతే. మన పిల్లలకు ప్రకాశం అంటే బ్యారేజీ. ఆయన ‘నా జీవిత యాత్ర’లో తండ్రి పోయాక వాళ్లమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచిన భాగం చదవండి. మీ క్లాసులో వాళ్లమ్మ హాస్టల్ మెస్సులో వంట చేసే పిల్లవాడు ఒకడైనా ఉంటాడు. అతని వైపు చూడకుండా చదవండి. అతను వింటాడు.

ఇక మన జిల్లావాళ్లందరూ చదివించాల్సింది షేక్ నాజర్ గారి జీవిత కథ. తాడికొండ దగ్గర పొన్నెకల్లులో 1920లో పుట్టారు, బుర్రకథ పితామహుడన్నారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పుస్తకం పేరు ‘పింజారి’. మీ బడి వరండాలో ఒక్క రోజు చెవి పెట్టి వినండి, ఆ మాట ఎలా వాడతారో తెలుస్తుంది. నేను ఒకసారి ఇద్దరు అబ్బాయిల గొడవలో ఆ మాట విని, మర్నాడు బోర్డు మీద రాశాను. ఎవర్నీ మందలించలేదు. ‘దీనికి అర్థం ఏమిటి?’ అన్నాను. ఎవరికీ తెలియదు. తిట్టు అని తెలుసు, అంతే. ‘మీ ఇంట్లో పరుపూ దిండూ ఉన్నాయా? వాటిలో దూది ఏకింది ఎవరు?’ అని అడిగి, దూది ఏకే పని గురించి చెప్పాను. తర్వాత నాజర్ గారి ఫోటో చూపించాను. ఆయన చెప్పిన పల్నాటి యుద్ధం కథలో కాస్త ఫోన్లో వినిపించాను. తన బతుకు కథకు ఆ పేరు ఎందుకు పెట్టుకుని ఉంటారు అని మాత్రం అడిగి వదిలేశాను. ఆ గొడవపడినవాళ్లలో ఒకడు వారం తర్వాత వచ్చి, ‘టీచర్, మా తాతయ్య నాజర్ కథ చూశాడంట’ అన్నాడు. అప్పటిదాకా ఆ పిల్లవాడు తాతయ్యను ఏమీ అడిగి ఉండడు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీరు చెయ్యకూడదని చెబుతున్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్లలో జాషువా గారి ‘నా కథ’ గురించి చెబుతూ, వినుకొండలో ఆయన చిన్నతనంలో పడ్డ అవమానాల దగ్గర ఆవేశపడిపోయాను. ‘మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?’ అని అడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు. కానీ క్లాసు మొత్తం మూడో బెంచీలో ఉన్న ఒక అమ్మాయి వైపు తిరిగింది. ఆ అమ్మాయి తల వంచుకుని పెన్ను మూత తిప్పుతూ ఉండిపోయింది. నాలుగు రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒకే మాట అంది: ‘మా పిల్ల చదువుకోడానికి వస్తంది టీచరమ్మా, అందరికీ చూపించుకోడానికి కాదు.’ ఇన్నేళ్లయినా ఆ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

మన క్లాసులో ఆ కథ కొందరికి ఎదుటివాళ్ల బతుకు చూపించే కిటికీ, కొందరికి తమ బతుకే కనిపించే అద్దం. అమెరికాలో పిల్లల సాహిత్యం మీద పనిచేసిన రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆవిడ 1990లో ఈ పోలిక చెప్పారు. కిటికీలోంచి చూసే పిల్లల కోసం అద్దం ముందున్న పిల్లను మధ్యలో నిలబెట్టకూడదు. ఆ రోజు నుంచి నేను పాటించేవి కొన్ని ఉన్నాయి. క్లాసులో ఎవరి సొంత అనుభవమూ అడగను. ఎవరైనా తమంతట తాము చెబితే వింటాను, పొగడను, పొడిగించమనను. ఒక్క కులం, ఒక్క మతం కథతో ఆపకుండా నెల తిరిగేలోపు వేరే రకం కష్టం ఉన్న ఇంకో కథ చదువుతాను, ఏ పిల్లా ‘ఆ కథ తాలూకు అమ్మాయి’గా మిగలకూడదని. కథలో అవమానించిన మాటలు చదవాల్సి వస్తే ఒక్కసారే, మెల్లగా, నటించకుండా చదువుతాను.

నటన అన్నాను కదా, ఇంకో హెచ్చరిక. ‘ఈరోజు సగం మంది నీళ్లు తాగకూడదు, అప్పుడు తెలుస్తుంది’ లాంటి ఆటలు ఆడించమని మీకు ట్రైనింగుల్లో ఎవరైనా చెప్పవచ్చు. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అమెరికాలో జేన్ ఇలియట్ అనే టీచరు మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగును బట్టి రెండుగా విడదీసి అలాంటి ప్రయోగం చేశారు. చాలా పేరొచ్చింది. కానీ ఒక్క పూటలోనే పిల్లలు ఒకరి పట్ల ఒకరు ఎంత క్రూరంగా మారారో కూడా ఆవిడే చెప్పారు. మన ఊళ్లలో ఆ ఆట మనం కొత్తగా ఆడించనక్కర్లేదు. కొందరు పిల్లలు రోజూ అందులోనే బతుకుతున్నారు.

చదవడం అలవాటయ్యాక రాయించండి. దీనికి నాకు దారి చూపింది విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరద. 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్ మునిగినప్పుడు నేను వెళ్లే బడిలో కొందరి ఇళ్లు నీళ్లలో ఉన్నాయి, కొందరి ఇళ్ల ముందు చుక్క నీళ్లు లేవు. బడి తెరిచాక మునగని పిల్లలు బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చి ఇచ్చారు. మంచి పనే. కానీ ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు అని క్లాసు రెండుగా చీలింది. కొన్ని వారాలు ఆగి అందరినీ ఒక పేజీ రాయమన్నాను. ‘ఇంట్లోంచి పోయిన, లేక పోతే బాధపడే ఒక వస్తువు.’ వరద అని అనలేదు. ఇష్టం లేనివాళ్లు ఇంకేదైనా రాయవచ్చన్నాను. అమ్మ కుట్టు మిషను, అక్క పదో తరగతి మార్కుల మెమో, నాయనమ్మ కళ్లద్దాలు, పెళ్లి ఆల్బమ్, సగం చదివిన లైబ్రరీ పుస్తకం. ఆ పేజీలు పేర్లు లేకుండా గోడకు అంటించాం. ప్రతి ఒక్కరూ ఒక పేజీ దగ్గర ఆగి, కింద ఒక ప్రశ్న మాత్రమే రాయాలి. సలహా, ఓదార్పు రాయకూడదు. కుట్టు మిషను పేజీ కింద ఎవరో రాశారు: ‘ఇప్పుడు మీ అమ్మ పని ఎలా చేస్తోంది?’ ఇంకెవరో రాశారు: ‘ఎవరి బట్టలు అందులో ఉన్నాయి? వాళ్లకేం చెప్పారు?’ అదే రోజుల్లో కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయని ఆ పిల్లలందరికీ జనరల్ నాలెడ్జిలో వచ్చు. కస్టమర్ల జాకెట్లు తడిసిపోతే టైలరు ఇంట్లో ఏమవుతుందో మాత్రం ఆ ప్రశ్నల దగ్గరే తెలిసింది. నేను కోరుకునేది ఆ ప్రశ్నే. తనదాకా వస్తే గానీ తెలియదంటారు కదా, తనదాకా రాకముందే అడగడం రావాలి.

మార్కుల సంగతి. సహానుభూతికి మార్కులు వెయ్యవద్దు. వేస్తే మళ్లీ ‘అయ్యో పాపం’ మొదలవుతుంది. బడిలోనే మార్కులు వేసే ప్రాజెక్టు పని కింద ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని అడిగి రాసుకురమ్మనండి. దివిసీమ ఉప్పెన, 1977 నవంబర్ నాటిది, గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. మిర్చి యార్డులో తొడిమలు తీసిన అత్తలు, నాగార్జునసాగర్ కాలవ రాకముందు పొలం చేసిన తాతలు ఉన్నారు. ఎన్ని వివరాలు పట్టుకున్నారు, విన్నది విన్నట్టు రాశారా, అడిగిన ప్రశ్నలేమిటి అనే వాటికి మార్కులు వెయ్యండి.

టైమ్ గురించి టెన్షన్ పడకండి. పదిహేను రోజులకు ఒక పీరియడ్ చాలు. మూడు పేజీలు మించి తీసుకోవద్దు, మీరే పైకి చదవండి. మొత్తం పుస్తకం చదివించాలని చూస్తే యాజమాన్యం ఒప్పుకోదు, పిల్లలూ ఒప్పుకోరు. ఒకసారి ఒక తండ్రి వచ్చి ‘బళ్లో కులాల గురించి ఎందుకండీ’ అని కోపంగా అడిగారు. సాంఘిక శాస్త్రంలో పిల్లలు చదువుకునే రాజ్యాంగం 17వ అధికరణ చూపించి, అంటరానితనం నిషేధం అని పరీక్షలో రాస్తున్నారు, అది ఎలా ఉండేదో తెలియకుండా రాస్తున్నారండీ అన్నాను. పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను, కానీ మళ్లీ రాలేదు. మీ బడిలో హెడ్మాస్టరు గారికి ముందే ఆ మూడు పేజీలు చూపించి పెట్టుకోండి.

నిజంగా మారతారా అన్నారు. సాహిత్యం చదివితే ఎదుటివాళ్ల మనసు బాగా అర్థమవుతుందని 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి ఒక కథ చదవగానే పిల్లలు మారిపోతారని నేను మీకు మాటివ్వను. నేను చూసింది చిన్న చిన్న సంగతులు. భోజనాల దగ్గర కూర్చునే వరసలు ఏడాది చివరికి కాస్త కలిశాయి. ఒక తిట్టు వరండాలో తగ్గింది. ఆయాను పేరు పెట్టి అరిచి పిలిచే పిల్లలు ‘ఆయమ్మ గారూ’ అన్నారు. దానికి పదిహేను రోజులకొక పీరియడ్ ఖర్చు పెట్టడం నాకు ఎప్పుడూ ఎక్కువ అనిపించలేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయిలకు కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ తప్పక వినిపించండి. పామర్రులో పుట్టి, ఊహ తెలియని వయసులో పెళ్లయి, బాల వితంతువై, ముప్పై అయిదేళ్లు వచ్చాక మళ్లీ చదువుకుని, హాస్టల్ మేట్రన్‌గా పనిచేసిన మనిషి. 2012లో పుస్తకం వచ్చేనాటికి ఆమెకు తొంభై దాటాయి. రాజకీయాల భాగం వదిలేసి చదువు భాగం తీసుకోండి. వై.బి. సత్యనారాయణ గారి ‘మా నాయన బాలయ్య’ మీరు మొత్తం చదివి, అందులోంచి పిల్లల చదువు కోసం తండ్రి పడ్డ తపన ఉన్న పేజీలు ఏరుకోండి. దాన్ని తెలుగు చేసిన పి. సత్యవతి గారే రేవతి గారి ‘ఒక హిజ్రా ఆత్మకథ’ కూడా తెలుగు చేశారు, దానికే 2019కి సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. అది పిల్లలకు కాదు, ముందు స్టాఫ్ రూములో మనం చదవాలి. నాజీల నుంచి దాక్కుని బతికిన యూదుల అమ్మాయి అన్నె ఫ్రాంక్ డైరీ మాత్రం మీ పిల్లలు ఇష్టపడతారు, ఎందుకంటే ఆ అమ్మాయి వాళ్లమ్మ మీద అలుగుతుంది, అందరిలాగే. ఎక్కువమందికి అక్కణ్ణుంచే దారి పడుతుంది. ఇవన్నీ విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లో అడగండి. పాత పుస్తకాలైతే లెనిన్ సెంటర్ దగ్గర వెతకండి, జనవరిలో పుస్తక ప్రదర్శనకు పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి.

నవ్విన ఆ అబ్బాయిల్ని బయటికి పంపడం గానీ, సారీ చెప్పించడం గానీ చెయ్యవద్దు. వచ్చే పీరియడ్‌లో అదే కథ మళ్లీ తియ్యండి. స్టేషన్ మాస్టరు గదిలోకి వెళ్లిన దగ్గర ఆపి, ఈసారి ఆ ప్రశ్నకు జవాబులు బోర్డు మీద రాసే పని వాళ్లకివ్వండి. చాక్‌పీసు చేతికిచ్చి మీరు వెనక బెంచీలో కూర్చోండి.